పిరమిడ్లా, పొలం రాళ్లా? అజోర్స్‌లో ఒక రాతి గుట్టల కేసు

ఈ కేసు అజోర్స్ ద్వీపాల్లో ఒకదానిది. ఉన్న తొమ్మిదింటిలో ఏదన్నది చెప్పను. ఊరి పేరు, మనుషుల పేర్లు, పొలాల ఆనవాళ్లు తీసేశాను. చోటు గుర్తుపట్టించే ఒకటి రెండు వివరాలను కావాలనే పలచన చేశాను. ఏ దశలో ఎలా ఆలోచించామన్నది మాత్రం ఉన్నదున్నట్టు రాస్తున్నాను. రాతి కట్టడాల మీద పనిచేసే ఎవరికైనా ఈ చిక్కు ఎప్పుడో ఒకప్పుడు ఎదురవుతుంది. కట్టడం కళ్లముందు నిలబడి ఉంటుంది, చూస్తే ఒళ్లు గగుర్పొడుస్తుంది. కట్టినవాళ్లు ఒక్క ముక్కా రాసి పెట్టి ఉండరు. జవాబు ఏమై ఉండాలో ముందే తేల్చుకున్నవాళ్లు మాత్రం మన చుట్టూ చాలామందే ఉంటారు.

నేపథ్యం

అజోర్స్ లిస్బన్‌కి పడమరగా సుమారు 1,400 కిలోమీటర్ల దూరంలో, అట్లాంటిక్ నడిమధ్య ఉన్న అగ్నిపర్వత ద్వీపాలు. పోర్చుగీసువాళ్లు 15వ శతాబ్దంలో అక్కడ స్థిరపడేనాటికి ఆ ద్వీపాల్లో మనుషులు లేరు. సాగుకు దొరికిన నేలలో ఎక్కువ భాగం లావా చల్లారి పగిలిన రాళ్ల దిబ్బ. నాగలి దిగాలంటే ముందు రాయి తియ్యాలి. తీసిన రాయిని ఎక్కడో ఒకచోట పెట్టాలి. గోడలు కట్టగా ఇంకా మిగిలిపోయేటంత రాయి అది.

పికో ద్వీపంలో మదలేనా చుట్టుపక్కల ఆ మిగిలిన రాయి ఏమైందో చూడొచ్చు. అక్కడివాళ్లు 'మరోయిసు' అని పిలిచే గుట్టలు పొలాల మధ్య మెట్లు మెట్లుగా లేచి ఉంటాయి. కొన్ని పది మీటర్ల ఎత్తు దాటాయి. సున్నం లేదు, మట్టి లేదు, రాయి మీద రాయి పేర్చిన పనే. అదే ద్వీపంలో ద్రాక్షతోటల నల్లరాతి గోడలున్న 987 హెక్టార్ల ప్రాంతాన్ని 2004లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. తర్వాతి దశాబ్దంలో కొందరు పరిశోధకులు ఈ గుట్టలు పోర్చుగీసుల రాకకు ముందువి అయి ఉండొచ్చన్నారు. పత్రికలకు 'అట్లాంటిక్ పిరమిడ్లు' అన్న శీర్షిక దొరికింది. ఆ గాలి పక్క ద్వీపాలకూ వీచింది. మా కేసు అలా వచ్చిందే.

ఇంకో సంగతి కూడా ముందే చెప్పాలి, లేకపోతే తర్వాతి తర్జనభర్జన అర్థం కాదు. 2021లో పికో, కోర్వో ద్వీపాల చెరువుల అడుగు మట్టి మీద ఒక అధ్యయనం వెలువడింది. ఆ మట్టి పొరల్లో పశువుల పేడ నుంచి వచ్చే రసాయన ఆనవాళ్లు, అడవి తగలబెట్టిన బొగ్గు, పచ్చిక పెరిగిన గుర్తులు క్రీ.శ. 700 నుంచి 850 మధ్య కాలానికే కనిపించాయి. అంటే పోర్చుగీసువాళ్ల కంటే ఆరేడు వందల ఏళ్ల ముందే ఎవరో పశువులతో వచ్చి ఉండొచ్చు. ఈ ఫలితం రాకముందు 'పోర్చుగీసులకు ముందు మనుషులే లేరు కాబట్టి గుట్టలు తర్వాతివే' అని ఒక్క వాక్యంలో ముగించే వీలుండేది. ఇప్పుడా వీలు లేదు.

మా ముందుకు వచ్చిన ప్రశ్న

ఒక పొలం దారిని వెడల్పు చేసే పని మొదలైంది. దారి అంచున వరసగా కొన్ని గుట్టలు ఉన్నాయి. యంత్రం వాటిలో ఒకదాని మూలను కోసేసరికి ఊళ్లో గొడవైంది. ప్రాచీన నాగరికత ఆనవాళ్లను కూలుస్తున్నారని స్థానిక వారసత్వ సంఘం పని ఆపించింది. మా తాతలు పొలం నుంచి ఏరి వేసిన రాళ్లకు నాగరికత ఏమిటని భూమి ఉన్న కుటుంబం అడిగింది. మధ్యలో నలిగిన పురపాలక సంఘం మమ్మల్ని పిలిచి రెండు అడిగింది: ఇవి ఏ కాలానివి, దేనికోసం కట్టారు? జవాబును బట్టి దారి సంగతి తేల్చుకుని, అక్కడ ఒక వివరాల బోర్డు పెడతామంది.

ఆ ప్రశ్నను అడిగినట్టే తీసుకోకపోవడమే మేం చేసిన మొదటి పని. 'ఇవి' అనడంలోనే గుట్టలన్నీ ఒకే కాలంలో, ఒకే అవసరానికి కట్టారన్న నమ్మకం దాగి ఉంది. 'దేనికోసం' అనడంలో కట్టినప్పటి ఉద్దేశం ఒక్కటే అయి ఉంటుందన్న నమ్మకం ఉంది. మూడు వందల ఏళ్లు వాడుకలో ఉన్న రాతి గుట్ట ఒక తరానికి ఏరిన రాళ్ల కుప్ప, ఇంకో తరానికి అంజూరాలు ఎండబెట్టే చోటు, మరో తరానికి సముద్రం మీద ఓడ కోసం చూసే ఎత్తు కావచ్చు. అందుకని ప్రశ్నను గుట్టకొకటిగా విడగొట్టాం. ఈ గుట్టలో అన్నిటికంటే కింది రాయి ఎప్పుడు పడింది? ఆ రాయి ఎక్కడి నుంచి వచ్చింది? తర్వాత ఎన్ని విడతల్లో పెరిగింది? ఈ మూడింటికీ ఆధారం నేలలో దొరికే అవకాశం ఉంది. ఉద్దేశానికి అంత తేలిగ్గా దొరకదు.

పార పట్టకముందే ఊళ్లో వినిపిస్తున్న మూడు అభిప్రాయాలనూ కాగితం మీద పెట్టాం: పొలం చదును చేసిన రాళ్లు, పాతకాలపు సమాధులు, సూర్యుడి అయనాలకు గురిపెట్టిన వేదికలు. ఒక్కోదాని పక్కన 'ఇది నిజమైతే ఏం కనిపించాలి, ఏం కనిపిస్తే ఇది తప్పు' అని రాశాం. ఆ కాగితం మీద సంఘం ప్రతినిధి, భూమి కుటుంబం పెద్దాయన ఇద్దరితోనూ సంతకం చేయించాం. ఇది వట్టి లాంఛనం కాదు. ఫలితాలు వచ్చాక ప్రతివాళ్లూ తమ అభిప్రాయాన్ని ఆ ఫలితానికి తగ్గట్టు వంచుకుంటారు, పరిశోధకులు కూడా. ముందే రాసి పెట్టుకుంటే ఆ వంపు కనబడిపోతుంది.

దిక్కుల లెక్క

సంఘం అన్నిటికంటే గట్టిగా నమ్మింది సూర్యుణ్ణి. వాళ్లలో ఒకరు వేసవి అయనాంతం, అంటే ఏడాదిలో పగలు అన్నిటికంటే పొడవైన రోజు, సాయంత్రం ఒక గుట్ట మెట్ల అంచు వెంబడి సూర్యుడు దిగుతుండగా ఫొటో తీశారు. చక్కటి ఫొటో. దాన్ని కొట్టిపారేయడం సరికాదనిపించింది. కెనరీ ద్వీపాల్లో, టెనెరీఫేలోని గుయిమర్ గుట్టల దగ్గర ఇలాంటి వరసను 1991లో ఖగోళ శాస్త్రవేత్తలే కొలిచి నిర్ధారించారు. నార్వే సాహసయాత్రికుడు థోర్ హెయెర్‌డాల్ ఆ గుట్టలను ప్రాచీన పిరమిడ్లని నమ్మాడు, 1998లో అక్కడొక సందర్శన స్థలం కూడా తెరిచారు. లా లగూనా విశ్వవిద్యాలయం తవ్విస్తే గుట్టల కింద పొరల్లో 19వ శతాబ్దపు కుండపెంకులు దొరికాయి. వరస నిజమే, ప్రాచీనత మాత్రం కాదు. దిక్కు కొలిస్తే దిక్కు తెలుస్తుంది, కాలం తెలియదు.

అయినా కొలిచాం. కొలిచే ముందు ఒక చిన్న లెక్క వేశాం. ఉత్తర అక్షాంశం 38.5 డిగ్రీల దగ్గర వేసవి అయనాంతపు సూర్యుడు, ఉత్తరం నుంచి తూర్పు మీదుగా కొలిస్తే, సుమారు 59.5 డిగ్రీల మీద ఉదయించి 300.5 డిగ్రీల మీద అస్తమిస్తాడు. శీతాకాలంలో ఉదయం 120.5, అస్తమయం 239.5. పగలూ రాత్రీ సమానమయ్యే విషువత్తుల నాడు సరిగ్గా తూర్పు, పడమర. ఇది దిగంతం చదునుగా ఉందనుకుని వేసిన లెక్క. నాలుగు మూలల గుట్టకు నాలుగు ముఖాలుంటాయి కాబట్టి దాని దిక్కును 90 డిగ్రీల లోపు ఒకే అంకెతో చెప్పొచ్చు. అలా మడిస్తే పై దిక్కులన్నీ 0, 30.5, 59.5 అనే మూడు అంకెలకు కుదించుకుపోతాయి. అటూ ఇటూ మూడేసి డిగ్రీల తేడాను ఒప్పుకుంటే ఒక్కోదానికి 6 డిగ్రీల వెడల్పు, మొత్తం 90లో 18. అంటే కళ్లు మూసుకుని కట్టినా ప్రతి ఐదు గుట్టల్లో ఒకటి సూర్యుడి ఏదో ఒక ముఖ్యమైన దిక్కుకు సరిపోతుంది. చంద్రుడి దిక్కులు కూడా కలుపుకుంటే ఆ అవకాశం ఇంకా పెరుగుతుంది.

మా గుట్టల్లో అంతకంటే ఎక్కువే సరిపోయాయి. సంఘం సంబరపడింది. ఇక్కడ చేసిన పని ఒక్కటే: గుట్టలతో పాటు చుట్టుపక్కల పొలం గోడలు, గొడ్ల దొడ్లు, పాత ఇళ్ల గోడలు కూడా అదే పద్ధతిలో కొలిచాం. అవీ అదే దిక్కుకు ఉన్నాయి. అక్కడ భూమిని కొండ మీది నుంచి సముద్రం దాకా పొడవాటి పట్టీలుగా పంచుకున్నారు, పట్టీ వాలును బట్టి పోతుంది. ఆ వాలు వాయవ్యానికి ఉంది, వేసవి సూర్యుడు అస్తమించేది అటే. గుట్టలకు ఆ దిక్కు వాలు నుంచి వచ్చింది. ముందుగా రాసుకున్న కాగితంలో 'వేదికలైతే గుట్టల దిక్కు పొలం గోడలకు భిన్నంగా ఉండాలి' అని ఉంది. అది కుదరలేదు. వేదిక అనే ఊహ అబద్ధమని దీంతో తేలలేదు. దానికి వేరే ఆధారం కావాలని మాత్రం తేలింది.

తేదీలు దొరకని చోట

రాతి కట్టడానికి తేదీ కట్టడం అన్నిటికంటే కష్టమైన పని. రాయిని పరీక్షిస్తే లావా చల్లారిన తేదీ వస్తుంది, పేర్చిన తేదీ రాదు. పసిఫిక్ సముద్రంలో పోన్‌పేయి ద్వీపంలోని నాన్ మదోల్ అనే పాత కట్టడాల్లో బసాల్ట్ (నల్లటి లావా రాయి) స్తంభాల మధ్య పగడపు రాళ్లు కూడా వాడారు. పగడానికి యురేనియం, థోరియం పద్ధతిలో తేదీ కట్టొచ్చు. అలాగే అక్కడి ప్రధాన సమాధి క్రీ.శ. 1180 ప్రాంతంలో మొదలైందని 2016లో తేల్చారు. బసాల్ట్ రసాయన కూర్పును బట్టి ఆ స్తంభాలు ద్వీపం అవతలి వైపు నుంచి వచ్చాయని కూడా చెప్పగలిగారు. మా గుట్టల్లో పగడం లేదు. రాయి కాళ్ల కింద దొరికినదే.

మూడు దారులు చూశాం, మూడూ సరిపోలేదు. రాళ్ల మీద పెరిగే లైకెన్ వ్యాసంతో వయసు కట్టే పద్ధతికి ఆ ద్వీపం రాతి మీద పెరుగుదల వేగం తెలిసి ఉండాలి, ఉపరితలం కదలకుండా ఉండాలి. ఏటా రాయి పడే గుట్టకు ఆ రెండూ లేవు. దాన్ని అక్కడితో వదిలేశాం. మట్టి చివరిసారి వెలుగు చూసిన కాలాన్ని చెప్పే పద్ధతికి క్వార్ట్జ్ రేణువులు కావాలి. బసాల్ట్ నేలలో స్థానికంగా పుట్టిన క్వార్ట్జ్ దాదాపు ఉండదు. ఫెల్డ్‌స్పార్ అనే అగ్నిపర్వతపు ఖనిజంతో ప్రయత్నిస్తే దానిలో నిలవ ఉన్న సంకేతం కాలంతో పాటు కారిపోతుంది, వయసు తక్కువగా వస్తుంది. 'తక్కువ వయసు' అన్న జవాబు మా వివాదంలో ఒక పక్షానికి అనుకూలం. అటే తప్పే స్వభావం ఉన్న పద్ధతిని సాక్ష్యంగా నిలబెట్టడం న్యాయం కాదనిపించి దాన్ని ప్రధాన ఆధారంగా తీసుకోలేదు.

మూడోది కార్బన్ తేదీ. కోసిన మూలలో రాళ్ల సందుల్లో బొగ్గు ముక్కలు కనిపించాయి. వాటిని పంపించాం. ఎక్కువ ముక్కలకు 17వ శతాబ్దం చివర నుంచి 20వ శతాబ్దం దాకా ఎక్కడైనా పడే తేదీలు వచ్చాయి. ఆ మూడు వందల ఏళ్లలో వాతావరణంలోని కార్బన్-14 ఎగుడుదిగుడుగా మారడం వల్ల ఆ పద్ధతి అంతకంటే సన్నగా చెప్పలేదు. ఒక్క ముక్కకు మాత్రం పోర్చుగీసుల రాక కంటే ముందు తేదీ వచ్చింది. సంఘం పత్రికావాళ్లను పిలిచింది.

ఆ ఒక్క ముక్క దగ్గర మేం చాలాసేపు ఆగాం, ఆగడం సరైనదే. 2021 నాటి చెరువుల అధ్యయనం ఉండగా 'అసాధ్యం' అని తోసేయలేం. అలాగని ఆ బొగ్గు గుట్ట కట్టిన కాలాన్ని చెబుతోందా అంటే, దానికి మూడు అడ్డంకులు. ఆ ద్వీపాల్లో మాత్రమే పెరిగే జూనిపర్ చెట్టు చాలాకాలం బతుకుతుంది. దాని నడిమి చేవ కాలితే వచ్చేది ఆ చేవ పెరిగిన నాటి తేదీ, నిప్పు పెట్టిన నాటిది కాదు. అగ్నిపర్వత వాయువు పీల్చిన మొక్క తన వయసు కంటే పాతదిగా కనిపిస్తుంది; సావో మిగేల్ ద్వీపంలోని ఫుర్నాస్ లోయ మొక్కల్లో ఈ తేడాను కొలిచి చూపించారు. అన్నిటికంటే ముఖ్యం, మట్టి లేని రాతి పేర్పులో వానకు, ఎలుకలకు బొగ్గు పైనుంచి కిందికి, పక్క నుంచి లోపలికి కదులుతుంది. రాళ్ల మధ్య తేలుతున్న బొగ్గు ఏ రాయికీ సాక్షి కాదు. కింది రాయి బరువుకు అణగిపోయి, కదలకుండా ఉన్న పొర కావాలి.

పొలం చూస్తే గుట్ట తెలిసింది

ఇక్కడ పని దిశ మారింది. అందరి చూపూ గుట్టల మీదే ఉంది కాబట్టి మేం గుట్టలు లేని చోట నడవడం మొదలుపెట్టాం. పట్టీ పట్టీకీ నేల లోతు, మట్టిలో రాయి పాలు కొలిచాం. పెద్ద గుట్ట ఉన్న పట్టీలో మట్టి లోతుగా, రాయి తక్కువగా ఉంది. గోడ దాటితే గుట్ట లేని పట్టీలో పార దిగడం లేదు, నేలంతా రాయే. పిట్టగోడంత ఎత్తున్న చిన్న కుప్పల చుట్టూ సగం ఏరిన నేల.

రాయి లెక్క కట్టి చూస్తే దీని అర్థం తెలుస్తుంది. ఒక హెక్టారు నేలలో పై 30 సెంటీమీటర్లలో సగం రాయి అనుకుందాం. అంటే 1,500 ఘనమీటర్ల రాయి. పేర్చినప్పుడు పదింట మూడు వంతులు సందులు పోను ఏడు వంతులే రాయి ఉంటుందనుకున్నా, అది 2,100 ఘనమీటర్లకు పైబడిన గుట్ట అవుతుంది. ఇరవై మీటర్ల పొడవు, పదిహేను వెడల్పు, ఏడు ఎత్తు. పిరమిడ్ అంటున్న కట్టడం ఒక్క హెక్టారు పొలానికి సరిపోతుంది. ఇంత రాయి ఎక్కడిదన్న అబ్బురానికి జవాబు గుట్టలో లేదు, దాని చుట్టూ ఉన్న ఖాళీలో ఉంది.

దారి పని కోసిన మూల అప్పుడు మాకు పుస్తకం తెరిచినట్టయింది. లోపల ఒక ముఖం కాదు, ఒకదాని వెనక ఒకటి నాలుగు ముఖాలు కనిపించాయి. చిన్న గుట్టకు చక్కగా పేర్చిన గోడ. దానికి ఆనుకుని చిల్లర రాయి, మళ్లీ చక్కటి గోడ. గుట్ట పక్కకు పెరిగినప్పుడల్లా పాత ముఖం లోపలికి పోయి కొత్త ముఖం వచ్చింది. మెట్లు అలంకారానికి కట్టినవి కావు. కింది మెట్టు పై రాయి జారకుండా పట్టి ఉంచుతుంది, అదే రాళ్ల బుట్ట మోసుకుపోయే బాట కూడా. ఒక పక్క వాలుబాట కూడా ఉంది, దాని మీది రాళ్లు కాళ్ల రాపిడికి నునుపెక్కాయి.

ఈ పేర్పు ఎంత నైపుణ్యమో ఇక్కడ ఆగి చెప్పాలి. పెద్ద రాయి పొడవు లోపలికి ఉండేలా పెట్టారు, ముఖాలన్నీ కొద్దిగా వెనక్కి వాలాయి, ఒక వరస అతుకు మీద పై వరస అతుకు పడలేదు. భూకంపాలకు అలవాటుపడ్డ ద్వీపం మీద ఇది తరతరాలు నిలబడింది. అక్షరం రానివాళ్లు బరువును, వాలును ఇంత బాగా ఎరిగి కట్టారు.

కింది పొర చెప్పినది

కోసిన మూలలోనే అన్నిటికంటే లోపలి, అంటే అన్నిటికంటే పాత ముఖం కింద ఒక రాయి ఎత్తి, దాని అడుగున అణగిన పాత నేలను కదలకుండా పెట్టెలోకి తీసుకున్నాం. కొత్తగా తవ్వకుండా, యంత్రం చేసిన గాయాన్నే వాడుకున్నాం. ఆ మట్టిని రెసిన్‌లో గట్టిపరచి సన్నటి పొరగా కోసి సూక్ష్మదర్శినిలో చూశాం. వాన చినుకులు నేల మీద పరిచే సన్నటి పెంకు చెదరకుండా ఉంది. అంటే రాయి పడ్డాక పైనుంచి ఏదీ లోపలికి దిగలేదు. ఈ ఒక్క సంగతి రుజువు కాకపోతే తర్వాత దొరికిన దేనికీ విలువ ఉండేది కాదు.

ఆ పెంకు కింద మట్టిలో మొక్కజొన్న ఫైటోలిత్‌లు దొరికాయి. మొక్క తన కణాల్లో కూడబెట్టుకునే సిలికా రేణువులివి. ఆకు కుళ్లిపోయినా ఇవి మిగులుతాయి. మొక్కజొన్న కండె నుంచి వచ్చే వాటి ఆకారం ప్రత్యేకం. మొక్కజొన్న అమెరికా పంట. 1492కు ముందు అట్లాంటిక్‌కు ఈ పక్కన అది లేదు. మొక్కజొన్న పండిన నేల మీద పడిన రాయి ఆ పంట వచ్చాకే పడి ఉండాలి. కార్బన్ తేదీకి వందల ఏళ్ల అటూఇటూ ఉంటుంది, ఈ వాదనకు అది లేదు. అదే పొరలో పచ్చటి గాజుపూత ఉన్న చిన్న కుండపెంకు కూడా ఉంది. దాని మీద మేం పెద్దగా ఆధారపడలేదు, రెండోది మొదటిదానికి వ్యతిరేకంగా లేదని మాత్రం రాసుకున్నాం.

ఇంకో గుట్ట విషయంలో లావా సాయపడింది. అది చర్చి రాతల్లో సంవత్సరం నమోదైన ఒక లావా ప్రవాహం అంచు మీద నిలబడి ఉంది. పోర్చుగీసుల కాలంలో ప్రవహించిన లావా మీద కట్టినది ఆ లావా కంటే పాతది కాలేదు. దీనికి ప్రయోగశాల అక్కర్లేదు, గుట్ట పాదం దగ్గర మోకాళ్ల మీద కూర్చుని చూస్తే చాలు.

నోటరీ దస్తావేజులు, పెళ్లికి ఇచ్చిన భూముల జాబితాలు చూడగా 18వ శతాబ్దం చివర నుంచి పొలాల హద్దుల్లో రాతి గుట్టల ప్రస్తావన కనిపించింది. 1850ల్లో ద్రాక్షకు బూజు తెగులు వచ్చి అజోర్స్ తోటలు పాడయ్యాయి, 1870ల్లో ఫిలాక్సెరా పురుగు మిగిలిన దాన్ని తినేసింది. తోటలు పోయినచోట తిండిపంట కోసం కొత్తగా నేల చదును చేశారు. పెద్ద గుట్టల బయటి ముఖాలు ఈ కాలంలో పెరిగాయన్నది మా అంచనా, నిర్ధారణ కాదు.

ఊరి పెద్దలను గుట్టల గురించి అడగలేదు. అడిగితే పత్రికల్లో చదివిందే చెబుతారు. పొలాల వెంట నడుస్తూ ఏ చెక్కలో ఏం పండించేవాళ్లో చెప్పమన్నాం. ఒక పెద్దావిడ ఒక మడి దగ్గర ఆగి, చిన్నప్పుడు బడికి వెళ్లేముందు అన్నదమ్ములతో కలిసి అక్కడ రాళ్లు ఏరి గుట్ట మీద వేసి వచ్చేదాన్నని చెప్పింది. ఏ పక్క వేసేవాళ్లో వేలు పెట్టి చూపించింది. మా కొలతల్లో అన్నిటికంటే కొత్తదని తేలిన ముఖం అదే.

లొంగని గుట్ట

ఒక గుట్టలో మాత్రం చిన్న గది ఉంది. మనిషి వంగి దూరేంత ద్వారం, పైన రాయి మీద రాయి ముందుకు జరిపి మూసిన కప్పు. సమాధి అన్న ఊహకు బలం ఇచ్చింది ఇదే. లోపల ఎముకల్లేవు. భూమి కుటుంబం దాన్నే రుజువు అంది. మేం ఒప్పుకోలేదు. పుల్లటి అగ్నిపర్వత నేలలో ఎముక కరిగిపోతుంది కాబట్టి ఎముక లేకపోవడం ఏ పక్షానికీ సాక్ష్యం కాదు. ఇది భూమి కుటుంబానికి నచ్చలేదు, సంఘానికి నచ్చింది. తర్వాతి వారం అటుదిటైంది.

చెరువుల అధ్యయనంలో వాడిన పద్ధతే ఇక్కడ వాడాం. గది నేల మట్టిలో పశువుల పేడ వదిలే స్టెరాల్స్ అనే కొవ్వు లాంటి రసాయనాలను చూపించింది ప్రయోగశాల. ఎప్పుడో ఒకప్పుడు దాన్ని దొడ్డిగా వాడారన్నమాట. ముందు సమాధిగా కట్టి తర్వాత దొడ్డిగా వాడి ఉండొచ్చు కదా అని సంఘం అడిగింది. సరైన ప్రశ్నే. దానికి జవాబు పేర్పులో దొరికింది. గది గోడ రాళ్లు గుట్ట మూడో ముఖం రాళ్లతో ఒకదానిలో ఒకటి దిగి అల్లుకున్నాయి. రెండూ ఒకే చేతి పని. ఆ మూడో ముఖం రెండు పాత ముఖాల తర్వాతిది. గది మొదటినుంచీ లేదు. మొదటి కట్టడమే సమాధి అన్న వాదన దీంతో నిలవలేదు. గదిని ఎందుకు కట్టారో మాత్రం మా నివేదికలో 'పశువులకు వాడారు, కట్టినప్పటి ఉద్దేశం తెలియదు' అనే రాశాం.

నివేదిక, దాని పర్యవసానం

ఫలితం రాయడం తవ్వకం కంటే సున్నితమైన పని. 'ప్రాచీనం కాదు' అని మొదటి వాక్యంలో రాస్తే దారి యంత్రం మర్నాడే తిరిగి వస్తుందని తెలుసు. అలాగని కాపాడటం కోసం కాలాన్ని అస్పష్టంగా వదిలేయడం అబద్ధంతో సమానం. అందుకే రెండు సంగతులను విడదీశాం. కాలం గురించి ఉన్నదున్నట్టు చెప్పాం: చూసిన గుట్టలు పోర్చుగీసు రైతుల పని, ఏ గుట్ట గురించి ఎంత గట్టిగా చెప్పగలమో దాని పక్కనే రాశాం. కాపాడాలా వద్దా అన్నది కాలంతో ముడిపెట్టకూడదని వాదించాం. నేలను సృష్టించుకున్న పనికి ఇంత స్పష్టమైన, కొలవదగిన రికార్డు దొరకడం అరుదు. ప్రతి గుట్ట ఒక పట్టీ లెక్కల పుస్తకం. తీసేస్తే ఆ పొలం చరిత్ర పోతుంది.

ఈ వాదనకు పసిఫిక్‌లోని రాపా నుయి (ఈస్టర్ ద్వీపం) బాగా ఉపయోగపడింది. అక్కడ ప్రపంచమంతా మోయి విగ్రహాలను చూస్తుంది. ఆ ద్వీపవాసులు నేల తేమ నిలవడానికి రాళ్లు పరిచి చేసుకున్న తోటలను ఉపగ్రహ చిత్రాలతో 2024లో కొలిస్తే వాటి విస్తీర్ణం 0.76 చదరపు కిలోమీటర్లని తేలింది. అంతకుముందు అంచనాలు దానికి ఎన్నో రెట్లు ఎక్కువ. ఆ ద్వీపం ఎంతమందిని పోషించగలిగిందన్న పెద్ద చర్చ, జనాభా పెరిగి కుప్పకూలిందన్న కథతో సహా, ఆ పొలం రాళ్ల మీద ఆధారపడి ఉంది. విగ్రహాలు ఎన్ని లెక్కపెట్టినా ఆ జవాబు రాదు.

పురపాలక సంఘం దారిని పక్కకు జరిపింది. కోసిన మూలను స్థానిక రాతి పనివాళ్లు పాత పద్ధతిలో తిరిగి పేర్చారు. నాలుగు ముఖాలు కనిపించేలా ఒక భాగం తెరిచి ఉంచాలన్న మా కోరిక వాన నీరు దిగుతుందన్న కారణంతో ఒప్పుకోలేదు, వాళ్ల మాట సబబే. బోర్డు మీద ఏం రాయాలన్నది రెండు పక్షాలతో కూర్చుని రాశాం. సంఘంలో కొందరు ఇప్పటికీ పాత అభిప్రాయం మీదే ఉన్నారు. ముందు సంతకం చేసిన ప్రతినిధి మాత్రం ఆ కాగితం బయటికి తీసి, మూడో ఊహ పక్కన తాను ఒప్పుకుని సంతకం పెట్టిన వాక్యం చదివి, ఇది కుదరలేదని సభలో చెప్పారు. ఆ నిజాయితీకి నాకు ఆయన మీద గౌరవం పెరిగింది.

తేలకుండా మిగిలినవి

చూసిన గుట్టలకే ఈ నిర్ణయం వర్తిస్తుంది. తీరం దగ్గర, ఈ వరసకు దూరంగా, ఒక తక్కువ ఎత్తు గుట్ట ఉంది. దాని చుట్టూ ఏరిన పొలం లేదు, నేల రాయితోనే ఉంది. రాయి లెక్క అక్కడ సరిపోదు. పొలం చదును అన్న వివరణ దానికి తానుగా అతకదు. క్రీ.శ. 700, 850 మధ్య పశువులతో వచ్చినవాళ్లు ఎవరైనా ఏదైనా కట్టి ఉంటే పొలాల మధ్య కంటే తీరం దగ్గర, మంచినీరు దొరికే చోట వెతకడం సమంజసం. సంఘం దాన్ని వెంటనే తవ్వమంది.

తవ్వలేదు. దాన్ని యంత్రం తాకలేదు, కూలిపోయే ప్రమాదం లేదు. కింది రాయి అడుగు పొర ఒక్కసారే దొరుకుతుంది, తీశాక తిరిగి పెట్టలేం. బసాల్ట్ నేలకు నమ్మదగిన తేదీ కట్టే పద్ధతి ఇంకా గట్టిపడాలి. ముందు దగ్గర్లోని చిత్తడి అడుగు మట్టిని తీసి పేడ స్టెరాల్స్, బొగ్గు, పుప్పొడి చూడమని సిఫారసు చేశాం. అక్కడ పోర్చుగీసులకు ముందు పొరలో ఏమైనా కనిపిస్తే గుట్ట కింద తవ్వడానికి కారణం ఉంటుంది, ఎక్కడ తవ్వాలో కూడా తెలుస్తుంది. ఏమీ కనిపించకపోతే గుట్ట అలాగే ఉంటుంది. మేం తీసిన మట్టి దిమ్మలో సగం వాడకుండా చల్లటి గిడ్డంగిలో ద్వీపం మ్యూజియం పేరు మీద ఉంచాం, తర్వాతి వాళ్లు మా ఫైటోలిత్‌ల లెక్కను మళ్లీ సరిచూసుకోవడానికి.